ఇరుకింటికి గోడ కూల్చడమే మార్గం కాదు

సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం సంచికలో ఇంటి అలంకరణపై వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదివే పాఠకురాలిని. అయితే వాటిలో చూపించే హాలు ఒక్కటే మా ఇల్లంత ఉంటుంది. నరసన్నపేట దగ్గరి పల్లెలో పెంకుటిల్లు వదిలి, ఉద్యోగ విరమణ తర్వాత శ్రీకాకుళంలో 320 చదరపు అడుగుల ఒంటిగది ఫ్లాటుకు వచ్చిన మా దంపతులకు ఆ వ్యాసాల్లో పనికివచ్చింది చాలా తక్కువ. ఈ ఏడాది ఆ ఇంటిని బాగుచేయించుకున్న అనుభవం నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ లేఖ రాస్తున్నాను.

మొదట వచ్చిన మేస్త్రి గదికీ వంటింటికీ మధ్య గోడ తీసేసి, బాల్కనీని గదిలో కలిపేస్తే ఇల్లు విశాలమవుతుందన్నారు. మేమూ దాదాపు ఒప్పుకున్నాం. అదృష్టవశాత్తు తెలిసిన ఇంజనీరుకు చూపిస్తే, అది పై స్లాబు బరువు మోస్తున్న గోడ అని తేలింది. పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లలో ఉంటున్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తపడాలి. 300, 365, 430 చదరపు అడుగుల ఆ ఇళ్లను షియర్‌వాల్ పద్ధతిలో కట్టారు. అక్కడ కాంక్రీటు గోడలే భవనం బరువును మోస్తాయి కనుక, అలమర కోసమో కొత్త కిటికీ కోసమో గోడను కోస్తే ఆ నష్టం ఆ ఒక్క ఇంటితో ఆగదు.

గోడ జోలికి పోకుండా మేము మొదట చేసింది బీరువాను జరపడం. అది కిటికీని సగం మూసేసి ఉండేది. మనలాంటి ఉక్క ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు గాలీ వెలుతురూ వచ్చే తెరపి ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి (నేషనల్ బిల్డింగ్ కోడ్) చెబుతోంది. మా గది 120 చదరపు అడుగులు, అంటే 20 చదరపు అడుగుల తెరపి కావాలి. నాలుగడుగుల చదరపు కిటికీ పూర్తిగా తెరిచినా వచ్చేది 16 మాత్రమే. స్మృతి లెక్కలో తలుపులు చేరవు కానీ, మాకు తక్కిన గాలీ వెలుతురూ బాల్కనీ తలుపు నుంచే రావాలి. అందుకే బాల్కనీని మూయించలేదు. తుపాను రోజుల్లో జల్లు కొట్టకుండా చుట్టిపెట్టుకునే వెదురు తెర కట్టించాం. ముదురాకుపచ్చ గోడలకు తెల్లరంగు వేయించిన తర్వాత పగటిపూట లైటు వేయవలసిన అవసరం లేకపోయింది.

తలుపుల సంగతి ఎవరూ పట్టించుకోరు. రెండున్నర అడుగుల తలుపు లోపలికి తెరుచుకోవడానికి సుమారు ఐదు చదరపు అడుగుల నేలను ఖాళీగా ఉంచాలి. స్నానాలగది తలుపును పక్కకు జరిగేలా మార్పించడంతో, ఆ చోట నా కుట్టుమిషను పట్టింది.

సామాను సర్దుకునే ఉపాయం మాత్రం నేను మా అమ్మమ్మ ఇంట్లోనే చూశాను. ఆ చిన్న ఇంట్లో పాలు పెరుగు ఉట్టి మీద, బట్టలు దండెం మీద, దీపం గోడగూట్లో, ఏడాది గింజలు అటక మీద ఉండేవి. నేల మాత్రం మనుషులు కూర్చోవడానికీ పడుకోవడానికీ మిగిలేది. మేము కూడా తలుపు పైనుంచి ఒక గోడ పొడవునా రెండడుగుల వెడల్పు చెక్క అటక వేయించి, పరుపులూ పెద్ద గిన్నెలూ అక్కడికి చేర్చాం. భోజనాల బల్లను మడతబందులతో గోడకు బిగించారు. ఫాల్స్ సీలింగు వద్దన్నాం, ఉన్న ఎత్తును మేమే తగ్గించుకోవడం ఎందుకని.

మన జిల్లాలో ఒంటిగది ఇళ్లలో కాపురం చేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కనుక మీ సంచికలో నెలకొక్కసారైనా అటువంటి ఒక ఇంటి ప్లాను వేసి, ఏ గోడ ముట్టుకోకూడదో, ఏది మార్చవచ్చో స్థానిక ఇంజనీర్ల చేత రాయించవలసిందిగా కోరుతున్నాను. అవసరమైతే మా ఇంటి కొలతలూ ఖర్చుల లెక్కా పంపగలను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
శ్రీకాకుళం