విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) ఎముకల ఓపీ డాక్టరమ్మగారికి, ఫిజియో సార్‌కి థ్యాంక్స్

మా అన్నయ్య గాజువాక, కూర్మన్నపాలెం మధ్య ఆటో నడుపుతాడు. నడుము పట్టేస్తే బయట ఒక చోట ఎమ్మారై తీయించి, ఎల్4-ఎల్5 డిస్క్ (నడుము కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బింది, ఆపరేషన్ వెంటనే చేయించుకోవాలి అన్నారు. వదిన బంగారం తాకట్టు పెట్టడానికి సిద్ధమైపోయింది. పక్కింటి పిన్నిగారు "డబ్బు కట్టే ముందు ఒక్కసారి కేజీహెచ్‌లో చూపించండమ్మా" అని పోరుపెట్టబట్టి వెళ్లాం. పిన్నిగారూ, మొదటి థ్యాంక్స్ మీకే.

డాక్టరమ్మగారు ఫిల్మ్ తర్వాత చూస్తానని ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు. నొప్పి నడుములోనే ఎక్కువా, కాల్లోకి దిగుతోందా, దిగితే మోకాలు దాటుతోందా, జ్వరం ఉందా, ఒళ్లు తగ్గిందా, మూత్రం పట్టు తప్పుతోందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా, ఇవన్నీ అడిగి, వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకెత్తి, బొటనవేలు పైకి లేపమని దాన్ని కిందికి నొక్కి బలం చూసి, చిన్న సుత్తితో మోకాలి దగ్గర, మడమ వెనక తట్టారు. కాలు ఎత్తినప్పుడు అన్నయ్యకి నడుమే లాగింది, మోకాలి కిందికి షాక్ కొట్టినట్టు ఏమీ రాలేదు, బలం కూడా బాగానే ఉంది. నొప్పే లేనివాళ్లకి ఎమ్మారై తీసినా 40 ఏళ్ల వయసులో దాదాపు సగం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుందట! ఈ ముక్క ఆ మొదటి చోట ఎవరూ చెప్పలేదు.

డిస్క్ ఆపరేషన్‌తో ముఖ్యంగా తగ్గేది కాలి నొప్పి, నరం మీద ఒత్తిడి ఉన్నవాళ్లకే అది, నీకు అక్కర్లేదు అని తేల్చేశారు. అలాగని ఆవిడ ఆపరేషన్‌కి వ్యతిరేకం అనుకోకండి. మా తర్వాత వచ్చినావిడకి పాదం పైకి లేవట్లేదు, ఆవిడని అప్పటికప్పుడే అడ్మిట్ చేయించారు. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఓపీ లైన్లో నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి రావాలని మాకూ గట్టిగా చెప్పారు.

ఫిజియో సార్ అయితే మంచం ఎక్కితే ఊరుకోనని అన్నయ్యని దబాయించి మరీ నడిపించారు, ట్రిప్పు ట్రిప్పుకీ బండి దిగి నాలుగడుగులు వేయమన్నారు. ఇప్పుడు మళ్లీ ఆటో తీస్తున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ రాత్రి నిద్రపడుతోంది. ఆ రోజుల్లో కిరాయిలు వాళ్లు చూసుకుని సాయంత్రానికి డబ్బు ఇంటికి తెచ్చిచ్చిన స్టాండ్ తమ్ముళ్లందరికీ వదిన తరఫున కూడా థ్యాంక్స్, ఆదివారం భోజనానికి రావాలట.