జవాబు నువ్వు చెప్పకు

బిడ్డా,

ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. పిల్లల చదువు చూసే సర్వే ఎప్పుడొచ్చినా మండలానికి మాట రాకూడదని మూడో తరగతి పిల్లలతో పాత ప్రశ్నపత్రాలు బట్టీ పట్టించమన్నారని, ఆ రోజు కాస్త ‘సాయం’ కూడా చేయమన్నారని చెప్పావు. ఆ సాయం మాత్రం చేయకు.

డీఎస్సీ రాసి ఇప్పుడిప్పుడే బడిలో చేరినదానివి, పెద్దవాళ్ల మాట కాదనాలంటే టెన్షన్‌గానే ఉంటుంది. కానీ 2023 నవంబర్ 3న జరిగిన రాష్ట్ర విద్యా సాధన సర్వే అయినా, 2024 డిసెంబర్ 4న దేశమంతటా జరిగిన పరఖ్ సర్వే అయినా 3, 6, 9 తరగతుల్లో కొందరిని ఎంచి, వాళ్లకు ఏం వచ్చో చూసినవే. వాటిలో ఎవరూ ఫెయిల్ కారు, పిల్లల పేరు మీద మార్కులూ రావు. ఎక్కడ వెనకబడ్డారో తెలిస్తే అక్కడ ఏదన్నా చేయొచ్చని పెట్టినవి. మనమే జవాబులు చెప్పి రాయిస్తే, చదవడం రాని పిల్లవాడు లెక్కలోనే లేకుండా పోతాడు. వాడే ఏడో తరగతికొచ్చి సైన్సు పాఠం ముందు నోరు మెదపకుండా కూర్చుంటాడు.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. 2022లో దేశం మొత్తం మీద సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగింది నూటికి 16 మందే. 2024కి అది 23 దాటింది. సంతోషమే. మరి చదవలేని మిగతా పిల్లల సంగతేంటి?

నువ్వూ అట్లాగే చదివించి చూడు. కొందరు రెండో తరగతి పాఠం గడగడా అప్పజెప్తారు. అప్పుడు వాళ్ల వేలు చూడు. నోరు నాలుగో మాట దగ్గరుంటే వేలు రెండో మాట మీదే ఉంటుంది. పేజీ తిప్పి ‘పుస్తకం’ అన్న మాట ఒక్కటే చూపించు, ఆ తకార వత్తు దగ్గర ఆగిపోతారు. లెక్కల్లో 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాసేవాళ్లుంటారు. తప్పు కదా అని కొట్టేయకు. ఏడు లోంచి రెండు, ఐదు లోంచి రెండు తీసేశారు. అప్పు తెచ్చుకోవడం రాలేదన్నమాట. ఓఎంఆర్ షీట్లో అది ఒక తప్పు జవాబు మాత్రమే, నీకు మాత్రం రేపు ఏం చెప్పాలో అందులోనే ఉంది.

చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి తెలంగాణ సర్కారు బడుల్లో పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం వచ్చిన 2022 నుంచి పిల్లల స్థాయిలు రాసిపెట్టడం ఉన్నదే. ఆ రికార్డులు నింపడానికే టైమంతా పోతుందని టీచర్లు బాధపడటంలో న్యాయం ఉంది. అయినా అందులో రాసేది మాత్రం నిజమే రాయి. చదవడం రానివాళ్లు తొమ్మిది మందైతే తొమ్మిది అనే రాయి.

హెచ్‌ఎం సారుతో గొడవ పెట్టుకోకు. బట్టీ పట్టించే ఆ గంట ఈ పిల్లలకు ఇమ్మని నిమ్మళంగా అడుగు. దసరాకి వచ్చేటప్పుడు వాళ్ల తీసివేతల నోటుబుక్కులు పట్టుకురా, నేనూ చూస్తాను.

మీ అమ్మ