జన్యు పదార్థం ప్రశ్నకు కారణమూ రాయించాలి

సంపాదకులకు నమస్కారం.

తల్లిదండ్రుల లక్షణాలను తరువాతి తరానికి చేర్చే జన్యు పదార్థంగా పనిచేసే అణువుకు ఉండవలసిన లక్షణాలేమిటన్న ప్రశ్న ఇంటర్‌లో బైపీసీ చదివిన చాలామందికి గుర్తుండే ఉంటుంది. తన ప్రతిని తాను తయారుచేసుకోగలగాలి, రసాయనికంగానూ నిర్మాణపరంగానూ స్థిరంగా ఉండాలి, పరిణామానికి కావలసిన ఉత్పరివర్తనాలకు, అంటే జన్యు సమాచారంలో వచ్చే మార్పులకు, నెమ్మదిగా చోటివ్వాలి, మెండెల్ చెప్పిన లక్షణాల రూపంలో వ్యక్తం కావాలి అని నాలుగు వాక్యాలు రాస్తే మార్కులు పడిపోతాయి. ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పిన నాకు ఆ వాక్యాల మీద అభ్యంతరం లేదు. ఎందుకని అడగని ప్రశ్నపత్రాల మీదే ఉంది.

ఒకసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, "స్థిరంగా ఉండాలంటారు, మళ్లీ మారాలంటారు, రెంటిలో ఏది రాయమంటారు మేడమ్?" అంది. తరగతంతా నవ్వింది గానీ, పాఠంలో అసలు ముడి అక్కడే ఉంది. డీఎన్‌ఏ సమాచారానికి అక్షరాల్లాంటి నాలుగు క్షారాల్లో ఒకటైన సైటోసిన్ అప్పుడప్పుడు తన అమైనో సమూహాన్ని పోగొట్టుకుని యురాసిల్ అనే మరో క్షారంగా మారిపోతుంది. డీఎన్‌ఏలో యురాసిల్ స్థానంలో ఉండవలసింది థైమిన్ కాబట్టి, యురాసిల్ కనిపించగానే అది తప్పని మరమ్మతు ఎంజైములు పసిగట్టి తొలగిస్తాయి. యురాసిల్ సహజంగానే ఉండే, డీఎన్‌ఏకు తోబుట్టువులాంటి ఆర్‌ఎన్‌ఏలో అయితే ఏది అసలుదో ఏది చెడిపోయినదో తేల్చుకునే వీలుండదు. పైగా ఆర్‌ఎన్‌ఏ చక్కెరలో రెండో కార్బన్ మీదున్న హైడ్రాక్సిల్ సమూహం ఆ గొలుసునే తెంపగలదు. ఇంత కాపలా ఉన్నా డీఎన్‌ఏలో అరుదుగా కొన్ని తప్పులు దిద్దుబాటుకు చిక్కకుండా మిగిలిపోతాయి, పరిణామానికి ముడిసరుకు అవే. ఆర్‌ఎన్‌ఏ జన్యు పదార్థంగా ఉన్న ఫ్లూ వైరస్ ఎంత వేగంగా మారుతుందో, దాని టీకాను ఏటా ఎందుకు సరిచూడాల్సి వస్తోందో ఇక వేరే చెప్పనక్కర్లేదు. అయినా "ఆర్‌ఎన్‌ఏ జన్యు పదార్థం కాదు" అని రాసే పిల్లలు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ఆర్‌ఎన్‌ఏయే జన్యు పదార్థమైన పొగాకు మొజాయిక్ వైరస్ పేరు అదే పుస్తకంలో చదివి కూడా!

స్థిరత్వానికి 1928 నాటి గ్రిఫిత్ ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వేడి చేసి చంపిన, వ్యాధి కలిగించే న్యుమోనియా బ్యాక్టీరియాను హాని చేయని రకపు బతికున్న బ్యాక్టీరియాతో కలిపి ఎక్కిస్తే ఎలుకలు చనిపోయాయి. అంటే, ఆ వేడికి బ్యాక్టీరియా చచ్చినా దాని వారసత్వ సమాచారం చెడలేదు. అది డీఎన్‌ఏయేనని ఏవరీ, మెక్‌లియాడ్, మెక్‌కార్టీ తేల్చేసరికి 1944 వచ్చింది. అప్పటిదాకా, ఇరవై రకాల అమైనో ఆమ్లాలున్న ప్రోటీనే ఆ పాత్రకు తగినదని చాలామంది శాస్త్రవేత్తలు అనుకున్నారు. ప్రోటీన్‌లో వైవిధ్యానికి కొదవలేదు, లేనిదల్లా తనను చూసి తనను నకలు చేసుకునే దారి.

కాబట్టి పరీక్షలు నిర్వహించే అధికారులకు నా విన్నపం రెండే మాటలు. "లక్షణాలు తెల్పండి" అనడం మాని, "డీఎన్‌ఏలో యురాసిల్ బదులు థైమిన్ ఉండటం వల్ల లాభమేమిటి?" వంటి ప్రశ్న ఒకటి ఇవ్వండి. అలాగే మగ్గిన బొప్పాయి గుజ్జులో ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం కలిపి వడకట్టి, పైన చల్లటి స్పిరిట్ జాగ్రత్తగా పోస్తే తేలే తెల్లటి డీఎన్‌ఏ పోగులను ప్రతి కళాశాల ప్రయోగశాలలో పిల్లల చేతే గాజుకడ్డీకి చుట్టించండి.

— విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, తెనాలి