ఇంజన్ ఎక్కడ కూర్చుంటుందో తేలాకే డేట్ చెబుతాను

మన షెడ్డుకి బండ్లు ఇచ్చిన అన్నలకీ, సార్లకీ, ఇవ్వాలనుకుంటున్నవాళ్లకీ నమస్కారం.

ముందు అసలు విషయం. ఆయుధ పూజలోపు బండి కావాలని చాలామంది అడుగుతున్నారు. సర్వీసు, బ్రేకులు, కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) పనులు చెప్పిన టైముకి అయిపోతాయి. డీజిల్ ఇంజన్, గేర్‌బాక్సు మార్చే జీపులకీ జిప్సీలకీ మాత్రం నా దగ్గర డేట్ లేదు. ఇకనుంచి పద్ధతి కూడా మారుస్తున్నాను. ఇంజన్‌ని ఛాసిస్‌లో ఊరికే నిలబెట్టి చూసి, అది ఎక్కడ కూర్చోవాలో తేల్చాకే రేటూ డేటూ చెబుతాను. అంతకుముందు ఎవరడిగినా, ఎంత దగ్గరివాళ్లయినా, అంకె చెప్పను.

హిందూపురం నుంచి ఒక అన్న ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. "ఇంజన్ వచ్చింది, గేర్‌బాక్సు వచ్చింది, రెండూ కలిపేశారని మీ పిల్లోడే ఫోటో పెట్టాడు. మరి బండి ఇంకా స్టాండ్ల మీదే ఉందేంది?" న్యాయమైన ప్రశ్న. ఇదే ప్రశ్న బెంగళూరులో వైట్‌ఫీల్డ్ నుంచి, కోరమంగళ నుంచి కూడా వస్తోంది కాబట్టి అందరికీ కలిపి ఒకసారి చెబుతున్నాను.

ఆ అన్నది సీజే3బీ జీపు. ఎత్తుగా ఉండే హరికేన్ పెట్రోల్ ఇంజన్ పట్టాలని విల్లీస్ వాళ్లు 1953లో బానెట్ పైకి లేపి తెచ్చిన మోడల్ అది. మన దేశంలో మహీంద్రా చాలా ఏళ్లు తయారుచేసింది. ఎత్తు సంగతిలో ఆ బానెట్ మనకి మేలే చేస్తుంది, డీజిల్ ఇంజన్ తల తగలదు. ఇబ్బందంతా పొడవులో ఉంది. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 80 అంగుళాలే. అందులోకి ఇప్పుడు వెళ్తున్నది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90, అంటే 2112 సీసీ డీజిల్. పాత మూడు గేర్ల టీ-90 బాక్సు తీసేసి నాలుగు గేర్లది పెడుతున్నాం. ఇది పాతదానికంటే పొడుగు. దీని వెనకే డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసు నేరుగా బోల్టుల మీద కూర్చుంటుంది. ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే గేర్ల పెట్టె అది. అంటే బాక్సు పెరిగినంత మేరా ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది, అక్కణ్ణుంచి వెనక ఇరుసుకి బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్టు అంత పొట్టిదవుతుంది.

పొట్టిదైతే ఏమవుతుందో లెక్క చూడండి. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక హౌసింగ్‌కి, అంటే వెనక ఇరుసు మధ్యలోని గేర్ల గుండుకి, అడ్డంగా 20 అంగుళాలు, ఎత్తులో తేడా 5 అంగుళాలు అనుకుందాం. షాఫ్టు 14 డిగ్రీల వాలులో ఉంటుంది. బాక్సు 4 అంగుళాలు వెనక్కి జరిగితే అదే వాలు 17 దాటుతుంది. దానికి తోడు మీరు కమాన్ కట్టలకి రెండంగుళాల లిఫ్ట్ వేయించారా, 23 దాటుతుంది. షాఫ్టు కొసన క్రాస్ ఉన్న జాయింటు వాలులో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వాలు పెరిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది. షాఫ్టు రెండో కొసన ఉన్న జాయింటు అంతే కోణంలో ఉంటే ఈ ఊపుని అది సరిచేస్తుంది. అలా ఉండాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి బయటికొచ్చే షాఫ్టూ, హౌసింగ్‌లో ఆ షాఫ్టు తిప్పే పినియన్ గేరూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. షాఫ్టు రెండు కొసల్లో క్రాస్‌ని పట్టుకునే యోకులూ ఒకే వరసలో ఉండాలి. ఇంజన్‌ని మామూలుగా మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి వాల్చి పెడతాం. అది ఒక డిగ్రీ మారితే పినియన్ కూడా మార్చుకోవాలి, అంటే కమాన్ కట్టల కింద వాలు ముక్క (వెడ్జ్) పెట్టాలి, లేదా హౌసింగ్ మీద సీటు కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి.

మదనపల్లె వైపు నుంచి ఒక జీపు ఇలాగే వచ్చింది. వేరే ఊళ్లో ఇంజన్ మార్పించుకున్నారు. నలభై దాటితే సీటు కింద నుంచి వణుకు, వెనక క్రాస్ మాటిమాటికీ పోతోంది. ఓనరు పాపం ప్రతిసారీ క్రాస్ క్వాలిటీని తిట్టుకుంటూ ఖరీదైనది కొనేవాడు. కింద పడుకుని చూస్తే సంగతి తెలిసింది. రేడియేటర్ వెనక, ఇంజన్ మీది ఫ్యాన్‌కి చోటు కావాలని ఇంజన్ని వెనక్కి నెట్టేశారు, దానికోసం డాష్ రేకు కూడా కోశారు. షాఫ్టుని కోసి పొట్టి చేసేటప్పుడు యోకుల వరస తప్పించేశారు. క్రాస్ ఎంత మంచిదైనా అక్కడ బతకదు. ఇంజన్ని ముందుకి జరిపాం. ఇంజన్ మీది ఫ్యాన్ తీసేసి, రేడియేటర్‌కి ముందువైపు కరెంటు ఫ్యాన్ పెట్టాం. షాఫ్టు కొత్తగా చేయించి బ్యాలెన్సింగ్ చేయించాం. కొత్తగా ఇంజన్ పెట్టడంకంటే ఈ పనికి ఎక్కువ ఖర్చయింది, ఎందుకంటే ముందు వాళ్లు ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచడానికి వేసిన మౌంట్లన్నీ కోసి తీయాల్సి వచ్చింది.

మరి ఇంజన్ని మొత్తం ముందుకే పెట్టేయొచ్చు కదా అంటారు. ముందు కింద ఇరుసు ఉంది. ఈ బండ్లలో ముందు ఇరుసు ఒక్క ముక్క, గుంతలో పడితే మొత్తం పైకి లేస్తుంది. దానికి సరిగ్గా పైన ఆయిల్ ఛాంబర్ ఉంటుంది. షెడ్డులో బండి నిలబడి ఉన్నప్పుడు నాలుగు వేళ్లు పట్టేంత సందు కనిపిస్తుంది, అది చూసి మోసపోకూడదు. మేము కమాన్ కట్టల్లో మెయిన్ ప్లేటు తప్ప మిగతావి తీసేసి, జాకీతో ఇరుసుని బంప్ రబ్బరు నొక్కుకునేదాకా పైకి లేపుతాం. ఒక చక్రాన్ని లేపి ఇంకోదాన్ని వేలాడదీసి మళ్లీ చూస్తాం. అప్పుడు కూడా ఛాంబర్‌కి అంగుళం సందు మిగలాలి. మిగలకపోతే ఛాంబర్ కోసి ఆకారం మార్చాలి. అది మారిస్తే లోపల ఆయిల్ పీల్చే పైపు కూడా మార్చాలి, లేదంటే ఘాట్ ఎక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి పోయి పైపు గాలి పీలుస్తుంది. ఇంజన్‌ని పైకి లేపితే ఛాంబర్ గండం తప్పుతుంది, కానీ షాఫ్టు వాలు పెరుగుతుంది. ఒకదాన్ని సర్దితే ఇంకోటి కదులుతుంది, సంక్రాంతికి చిన్న గదిలో చుట్టాలందరికీ పడకలు వేసినట్టు ఉంటుంది ఈ పని.

పక్కలకి కూడా అంతే. స్టీరింగ్ బాక్సు, సైలెన్సర్ పైపు, క్లచ్ లింకేజీ, ముందు ఇరుసుకి పోయే షాఫ్టు, అన్నీ ఇంజన్ పక్కనుంచే పోవాలి. ఉత్తి బ్లాకుతో కొలిస్తే అన్నీ సులువుగా పడతాయి. స్టార్టరు, ఆయిల్ ఫిల్టరు, ఆల్టర్నేటరు, డీజిల్ పంపు బిగించాక ఒక్కోటీ తగలడం మొదలవుతుంది. అందుకే మా దగ్గర కొలతలు అన్నీ బిగించిన ఇంజన్‌తోనే. చైన్ బ్లాకుకి వేలాడదీసి, చెక్కలు పెట్టి, డిగ్రీ గేజి పెట్టి, ఒక్కో రోజు ఒక్కో పావంగుళం జరుపుతూ కూర్చుంటాం. బయటినుంచి చూసేవాళ్లకి ఏ పనీ జరగనట్టే ఉంటుంది. మౌంట్లకి ముందు ట్యాక్ వెల్డింగే, అంటే చుక్కలు పెట్టి ఆపడమే. బండి బరువంతా చక్రాల మీదకి దింపి, మళ్లీ అన్నీ చూశాకే పూర్తి వెల్డింగ్.

ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య వచ్చే అడాప్టర్ ప్లేటు గురించి కూడా చెప్పాలి. పీణ్యలో మిషన్ షాపులు బోలెడు ఉన్నాయి, ప్లేటు కోయించడం పెద్ద పని కాదు. క్రాంక్ సెంటరూ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సెంటరూ ఒకటిగా రావడమే అసలు పని. ఫ్లైవీల్‌కి డయల్ గేజి కట్టి క్లచ్ హౌసింగ్ బోరు చుట్టూ తిప్పితే ముల్లు ఐదు తౌలకి (అంగుళంలో వెయ్యో వంతు ఒక తౌ) మించి ఆడకూడదు. మించితే క్రాంక్ కొసన ఉండే స్పిగాట్ బేరింగ్ అరుస్తుంది, క్లచ్ సరిగ్గా విడవదు, గేరు గరగరమంటుంది. ప్లేటు కింద సెంటరు కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు లేకుండా బోల్టుల మీదే నిలబెట్టిన పనిని నేను ఒప్పుకోను. డెలివరీ రోజు ఆ రీడింగ్ కాగితం మీద రాసి మీకు ఇస్తాను.

జిప్సీ వాళ్లకి కొంచెం మంచి వార్త. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు, విడిగా ఛాసిస్‌కి ఉంటుంది, మధ్యలో చిన్న షాఫ్టు ఉంటుంది. బాక్సు పొడవు మారినా ఆ చిన్న షాఫ్టు దగ్గర సర్దుకోవచ్చు, ముందు వెనక షాఫ్టుల జోలికి పోనక్కర్లేదు. కానీ "స్విఫ్ట్ డీజిల్ ఇంజన్ గుజిరీలో (పాత సామాన్ల మార్కెట్లో) చవగ్గా దొరుకుతోంది, పెట్టేయ్ అన్నా" అనేవాళ్లకి ఒక మాట. 1.3 లీటర్లు, 190 న్యూటన్ మీటర్ల టార్క్, ఇంజన్ మంచిదే, కాదనను. అయితే స్విఫ్ట్‌లో అది అడ్డంగా కూర్చుంటుంది, దాని గేర్‌బాక్సు ముందు చక్రాలకే. జిప్సీలో నిలువుగా తిప్పాలంటే వేరే బాక్సు, ప్లేటు, ఛాంబర్ మార్పు, ఇంటర్‌కూలర్ పైపులు, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ), దానితో పాటు దాని వైరింగ్ మొత్తం కావాలి. చవగ్గా వచ్చేది ఇంజన్ ఒక్కటే.

గేర్ల లెక్క కూడా ముందే మాట్లాడుకుందాం. సీజే3బీ హౌసింగ్ రేషియో 5.38, అంటే షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. టాప్ గేరులో, 28 అంగుళాల టైరుతో, ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే బండి గంటకి 75 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. పాత డీజిల్‌ని దానికంటే తిప్పుతూ హోసూరు రోడ్డు మీద పోవడం చెవులకీ బేరింగులకీ మంచిది కాదు. ఇంజన్ మార్చగానే హైవేలో వంద పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక కాగితాలు. ఇది నాకు వెల్డింగ్‌కంటే పెద్ద టెన్షన్. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్పుకి ఆర్టీఓ అనుమతి కావాలి, ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఇంధనం మారాలి. అందుకే రోడ్డు మీద తిరిగే బండికి ఆర్టీఓ కాగితం చేతికి వచ్చాకే పాత ఇంజన్ బోల్టు విప్పుతాను. కాగితం నేను తెప్పిస్తానని మాట ఇవ్వను, ఏజెంటుని చూపించను. గుజిరీ నుంచి మీరే ఇంజన్ తెచ్చుకుంటే బిల్లు, నంబరు ఎక్కడినుంచి వచ్చిందో చూపించే కాగితం కూడా తేవాలి. లేకపోతే ఇంజన్‌ని షెడ్డులోకి కూడా దింపను. ఈ రూలు పెట్టినప్పటినుంచి కొందరు అలిగారు, అలగనివ్వండి.

ఇంకొక మాట, ఇది నా వ్యాపారానికి నష్టమే అయినా చెబుతాను. అడిగేవాళ్లలో సగంమందికి డీజిల్ అవసరం లేదు. సకలేశపుర, చిక్కమగళూరు తోటల్లో రోజూ బరువు లాగే బండికి, వాగులు దాటే బండికి అర్థం ఉంది. తక్కువ తిరుగుడులోనే లాగుతుంది, పాత మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజన్‌లో తడిసి ఆగిపోవడానికి డిస్ట్రిబ్యూటరూ ప్లగ్గు వైర్లూ ఉండవు. నెలకోసారి నంది హిల్స్‌కి వెళ్లొచ్చే బండికి ఈ ఖర్చు మైలేజీలో ఎప్పటికీ తిరిగి రాదు. పైగా ముందు బరువు పెరుగుతుంది, స్టీరింగ్ బిగుస్తుంది, పక్క సీటు వాళ్లతో మాట్లాడాలంటే అరవాలి. అలాంటి వాళ్లకి ఉన్న పెట్రోల్ ఇంజన్ని బాగా కట్టి ఇస్తాను. డీజిలే కావాలంటే బ్రేకులు ముందు చేయించాలి. బ్రేకులకి బూస్టర్ ఉన్న బండి అయితే వాక్యూమ్ పంపు తప్పదు, డీజిల్ ఇంజన్ పెట్రోల్ ఇంజన్‌లా వాక్యూమ్ ఇవ్వదు.

కొత్త పద్ధతి ఇది. పొజిషన్ చూడ్డానికి విడిగా 25,000 రూపాయలు. దానికి కొలతలు, ఫోటోలు, ఏం కోయాలి, ఏం కొనాలి అన్న జాబితా, చివరి రేటు ఇస్తాను. పని మా దగ్గరే చేయిస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాను. వద్దనుకుంటే జాబితా తీసుకుని ఏ షెడ్డుకైనా వెళ్లొచ్చు, నాకేం కోపం లేదు. మిగతా డబ్బు మూడు విడతలు: మౌంట్ల ట్యాక్ అయినప్పుడు, ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు, మీరు నడిపి చూశాక.

ఇప్పటికే ఇచ్చినవాళ్లకి పాత రేటే, ఈ ఫీజు లేదు. హిందూపురం అన్నా, నీ బండికి ముందువైపు తేలింది, ఛాంబర్ కోయాలి, వెనక షాఫ్టు కొలత ఈ వారం తీస్తాం. ఆదివారం ఫోన్ చెయ్, కానీ పన్నెండు తర్వాత చెయ్, పొద్దున్నంతా బండి కిందే ఉంటాను. పూజకి షెడ్డు రెండు రోజులు మూత. కొత్త ఇంజన్ పనులు దీపావళి తర్వాతే దింపుకుంటాను. బండి తెచ్చేటప్పుడు ట్యాంకులో పెట్రోల్ ఖాళీ చేసి తెండి, ఆర్‌సీ జిరాక్సు ఒకటి పట్టుకురండి.