ఇంట్లో డాప్లర్ మీద కరపత్రం: తలా ఓ చెయ్యి వేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

కడుపులో బిడ్డ గుండెచప్పుడు ఇంట్లోనే వినే చిన్న డాప్లర్ మిషన్ల మీద మేం తెలుగులో తయారుచేసిన రెండు పేజీల కరపత్రం ప్రింటుకు వెళ్లింది. అడగ్గానే చదివి, ఎర్ర పెన్నుతో దిద్ది, కొన్ని పేరాలు పూర్తిగా కొట్టేసి మళ్లీ రాయించినవాళ్లు చాలామంది ఉన్నారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఎవరు ఏం చెప్పారో రాసి ధన్యవాదాలు చెప్పుకుంటున్నాం. కరపత్రంలో చోటు చాలక తీసేసిన సంగతులు కూడా ఇందులోనే ఉన్నాయి.

మొదటి నమస్కారం రిటైరైన ఏఎన్ఎం అమ్మగారికి. ముందు పేజీ మొత్తం ఆవిడ చలవే. ఆ పేజీలో మిషన్ ఊసే ఉండకూడదని, బిడ్డ కదలికలే ఉండాలని పట్టుబట్టారు. తొలిచూలు వాళ్లకు కదలిక సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది. రెండో కాన్పు వాళ్లకు 16 వారాలకే తెలియొచ్చు. 24 వారాలు వచ్చినా ఏమీ తెలియకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. 28 వారాలు దాటాక ప్రతి బిడ్డకూ తనదంటూ ఒక తీరు ఏర్పడుతుంది. ఒక బిడ్డ భోజనం తర్వాత ఎక్కువ తిరుగుతుంది, ఇంకో బిడ్డ రాత్రి పడుకోబోయే వేళ. ఆ తీరు తెలిసేది తల్లికే. అది తగ్గినట్టు అనుమానం వస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకుని, టీవీ, ఫోను పక్కన పెట్టి, కదలికల మీదే ధ్యాస ఉంచాలి. రెండు గంటల్లో విడివిడిగా 10 కదలికలు రాకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అసలే కదలడం లేదనిపించినా, బాగా తగ్గిందని ముందే తెలుస్తున్నా ఆ రెండు గంటలు కూడా ఆగక్కర్లేదు. రాత్రి రెండైనా సరే, తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

ఆవిడ తీయించేసిన మాట ఇంకోటుంది. నెలలు నిండాక లోపల చోటు చాలక బిడ్డ కదలడం మానేస్తుందని మనవైపు పెద్దవాళ్లు నమ్మకంగా చెబుతారు. ఇది తప్పు. తన్నుల బదులు పొర్లడం, నెట్టడం ఎక్కువవుతాయి తప్ప కదలికలు తగ్గవు, కాన్పు మొదలయ్యేదాకా, కాన్పు సమయంలోనూ కదులుతూనే ఉండాలి. బిడ్డ ఒక్కో నిద్ర 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది, 90 నిమిషాలు దాటడం అరుదు. పొద్దుటి నుంచి నిద్రపోతోందనే సర్దుబాటు కుదరదు.

బ్రిటన్‌లో మిడ్‌వైఫ్‌గా (కాన్పులు చూసే నర్సు) చేస్తున్న మన తెలుగు అక్కకు ప్రత్యేక కృతజ్ఞతలు. కదలికల గురించి అడిగే తల్లులకు అక్కడి సర్కారు వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఒక మాట సూటిగా చెబుతుంది: ఇంటి డాప్లర్‌తో గుండెచప్పుడు మీరే చూసుకోవడానికి ప్రయత్నించకండి, బిడ్డ ఆరోగ్యం తెలుసుకోవడానికి అది నమ్మదగిన పద్ధతి కాదు. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు డాక్టర్లు రాసిన కేసును కూడా ఆవిడే మా దృష్టికి తెచ్చారు. నెలలు నిండుతున్న తల్లి కదలికలు తగ్గాయని గమనించింది. ఇంట్లో మిషన్ పెట్టుకుంటే చప్పుడు వినబడింది, దాంతో కుదుటపడింది. ఆస్పత్రికి వచ్చేసరికి బిడ్డ దక్కలేదు. ఆమె విన్నది తన నాడి గానీ, మాయలో రక్తం పారే చప్పుడు గానీ అయివుండొచ్చు. అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ 2014 డిసెంబరులో ఇలాంటి మిషన్లను ఇంట్లో వాడొద్దని హెచ్చరించింది. అక్కడ ఇవి డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన పరికరాలు. మన దగ్గర ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు ఎవరైనా తెప్పించుకోవచ్చు. సీమంతానికి కానుకగా ఇవ్వడం కూడా మొదలైంది. ఇచ్చేవాళ్లది ప్రేమే, కాదనం. కానీ పట్టుచీరతో పాటు చేతికొచ్చిన మిషన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేవాళ్లు ఆ పెట్టెలో రారు కదా.

ఇక బయోమెడికల్ ఇంజినీరు తమ్ముడి సాయం. మిషన్ లోపల ఏం జరుగుతుందో అతను చెప్పాకే వెనక పేజీ ఒక కొలిక్కి వచ్చింది. పొట్ట మీద ఆనించే ప్రోబ్‌లోని ఒక స్ఫటికం చెవికి వినబడని 2 లేదా 3 మెగాహెర్ట్జ్ శబ్ద తరంగాలను (అల్ట్రాసౌండ్) లోపలికి పంపుతూ ఉంటుంది, ఇంకోటి తిరిగొచ్చినదాన్ని అందుకుంటుంది. కదులుతున్న వస్తువుకు తగిలి వచ్చిన తరంగం పౌనఃపున్యం కాస్త మారుతుంది. ఆ తేడా మన చెవికి వినబడే స్థాయిలో ఉంటుంది కాబట్టి దాన్నే స్పీకరుకు పంపిస్తారు. అంటే స్టెతస్కోపులో విన్నట్టు గుండె శబ్దాన్ని నేరుగా వినడం కాదు, కదలికను శబ్దంగా మార్చి వినడం. లోపల కదిలేవి బోలెడు. తల్లి పెద్ద ధమని, గర్భసంచి రక్తనాళాలు, మాయ, బొడ్డుతాడు, బిడ్డ కాళ్లు, పేగుల్లో గ్యాసు. ప్రోబ్ చర్మం మీద జారినా చప్పుడే. వీటిలో ఏది ఎవరిదో మిషన్‌కు తెలియదు.

తెర మీది అంకె ఇంకా పెద్ద తంటా. మిషన్ వరసగా వచ్చే ఎత్తుపల్లాలను చూసి లెక్క కడుతుంది. తల్లి నాడిలో ఒక్కో కొట్టుకు రెండు ఎత్తులు కనబడితే దాన్ని రెట్టింపు చేసి చూపించొచ్చు. తల్లి నాడి 70 అనుకోండి, తెర మీద 140 వస్తుంది. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంది. సరిగ్గా మధ్యలో పడింది, ఎవరికైనా హాయిగొలిపే అంకె. ఇందుకు విరుద్ధంగానూ జరుగుతుంది. బిడ్డ గుండె మరీ వేగంగా ఉన్నప్పుడు సగమే చూపించి తల్లి నాడి కాబోలు అనిపిస్తుంది. ఈ పొరపాట్లు ఆస్పత్రిలోని పెద్ద మిషన్లలోనూ వస్తాయి, అందుకే అక్కడ తల్లి నాడిని విడిగా చూస్తారు. ఇంట్లో ఆ పని చేసేవాళ్లుండరు.

ప్రసూతి వార్డు సిస్టర్లు ఇద్దరు వెనక పేజీని వాక్యం వాక్యం సరిచూశారు. మిషన్ కొనమని మేం చెప్పం. కానీ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు ఎలాగూ పెట్టి చూస్తారు, వాళ్లు మోసపోకుండా ఉండాలని ఈ నాలుగు మాటలు. తల్లి ఎడమ చేతి మణికట్టు నాడి మీద ఇంకొకరు వేళ్లు పెట్టాలి. మిషన్ చప్పుడు, నాడి ఒకే తాళంలో కొట్టుకుంటుంటే అది తల్లిదే, అంకె ఎంత చూపించినా సరే. ఉప్పెనలా వచ్చిపోయే హోరు తల్లి నాడి వేగంతో ఉంటే అది మాయదో, గర్భసంచి నాళాలదో. అదే హోరు బిడ్డ వేగంతో ఉంటే బొడ్డుతాడుది. బిడ్డ గుండె గుర్రం డెక్కల్లా టకటకమని జంటగా వినబడుతుంది. తెర అంకెను పక్కనపెట్టి, గడియారం చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి నాడి ఎలాగూ కాస్త పెరుగుతుంది. దానికి జ్వరమో, రక్తహీనతో, ఒంట్లో నీరు తగ్గడమో, ఉత్త కంగారో తోడైతే 110, 120 కూడా దాటొచ్చు. అప్పుడు తల్లి నాడే బిడ్డ గుండెలా వినిపిస్తుంది. రక్తం తక్కువున్న తల్లులు మన దగ్గర తక్కువేం కాదు కాబట్టి ఈ వాక్యాన్ని బోల్డ్‌లో వేయించాం.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని నిజంగా బిడ్డ గుండెనే విన్నారనుకోండి. అప్పుడు తెలిసేది ఆ నిమిషంలో గుండె కొట్టుకుంటోందని మాత్రమే. బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంటే ముందు కదలికలు తగ్గించుకుని శక్తి మిగుల్చుకుంటుంది. గుండె ఆగడం అన్నిటికంటే చివర జరిగేది. ఆస్పత్రిలో చేసే ఎన్‌ఎస్‌టీలో (బిడ్డ గుండె వేగం ఎలా మారుతోందో చూసే పరీక్ష) కనీసం 20 నిమిషాలు దాని గీత తీస్తారు. నెలలు నిండుతున్న బిడ్డకైతే ఆ సమయంలో గుండె వేగం కనీసం రెండుసార్లు, ఒక్కోసారి 15 కొట్ల మేర, 15 సెకన్ల పాటు పెరగడం చూస్తారు. అవసరమైతే ఉమ్మనీరు, రక్తప్రసరణ చూడటానికి స్కానింగ్ రాస్తారు. చేతి మిషన్‌లో ఇవేవీ కనబడవు. డాక్టరే ఇంటికి మిషన్ ఇచ్చి రీడింగులు తన దగ్గరికి తెప్పించుకుంటుంటే అది వేరే సంగతి, అక్కడ చూసే కళ్లు వేరే ఉన్నాయి.

వినబడకపోవడం ఇంకో బాధ. 10, 11 వారాలకే మిషన్ పెట్టి, ఏమీ రాక రాత్రంతా ఏడ్చే అమ్మాయిలు ఎందరో ఉన్నారని స్కానింగ్ సెంటర్‌లో చేసే అక్క చెప్పారు. అప్పటికి గర్భసంచి ఇంకా కటి ఎముక లోపలే ఉంటుంది, 12 వారాలకు గానీ పైకి తగలదు. గర్భసంచి వెనక్కి వంగివున్నా, మాయ ముందువైపు అతుక్కున్నా, పొట్ట మీద కొవ్వు ఎక్కువున్నా, ఆ క్షణాన బిడ్డ పక్కకు తిరిగినా దొరకదు. చెయ్యి తిరిగిన సిస్టర్‌కే ఒక్కోసారి వెతుక్కోవాల్సి వస్తుంది. దొరికినా 9, 10 వారాల్లో 170 దాకా ఉండటం మామూలే, అది చూసి హడలిపోనక్కర్లేదు. నొప్పి గానీ, రక్తం కనబడటం గానీ ఉంటే మాత్రం మిషన్ ఏం చెప్పినా ఆస్పత్రికే.

తరంగాల వల్ల బిడ్డకు హాని ఉందా అని ఆశా కార్యకర్తలు పట్టుకొచ్చిన ప్రశ్నల్లో చాలాసార్లు వచ్చింది. చేతి డాప్లర్ వల్ల బిడ్డకు కీడు జరిగిందని రుజువైతే లేదు. అయితే అల్ట్రాసౌండ్ ఏదైనా తగిలినచోట కణజాలాన్ని కొద్దిగా వేడెక్కించగలదు. అందుకే వైద్యంలో కూడా అవసరమైనంత మేరకే, వీలైనంత తక్కువసేపు వాడతారు. రోజూ అరగంట పాటు చుట్టపక్కాలందరికీ వినిపించడం ఆ పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. పేరూ ఊరూ లేని చవక మిషన్ ఎంత శక్తి వదులుతుందో పెట్టె మీద రాసి ఉండదు కూడా. పైగా 20 వారాలు దాటాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి తల తిరుగుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. తలగడ పెట్టి కాస్త ఎడమకు ఒరగాలి.

ఆశా కార్యకర్తలు అడిగిన వాటిలో ఇంకో రెండింటికి జవాబు చిన్నదే. గుండె 140 దాటితే ఆడపిల్ల అన్నది వట్టి మాట, గుండె వేగాన్ని బట్టి ఆడా మగా తెలియదు. కడుపులో ఉన్నది ఎవరో తేల్చడం 1994 చట్టం ప్రకారం నేరం. ఫోను పొట్ట మీద పెడితే బిడ్డ గుండె వినిపిస్తామనే యాప్‌లను డబ్బు పెట్టి కొనొద్దు, ఫోను మైకులో అల్ట్రాసౌండ్ ఏమీ లేదు.

మందుల షాపు అన్న చెప్పిన చిన్న సంగతి: ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య పలచటి గాలిపొర ఉన్నా తరంగం లోపలికి పోదు. అందుకే నీటితో చేసే అల్ట్రాసౌండ్ జెల్ వాడతారు. కొబ్బరినూనె, వాజలైన్ రాస్తే ప్రోబ్ ముఖం పాడవుతుంది.

చివరగా, బిడ్డను పోగొట్టుకుని మళ్లీ గర్భంతో ఉన్న తల్లులు కొందరు ఈ కాగితం చదివారు. వాళ్లు చదివాక మందలింపులా ఉన్న మాటలన్నీ తీసేశాం. రోజుకు పదిసార్లు మిషన్ పెట్టుకోవాలనిపించడం భయం వల్లే, దానికి సిగ్గుపడాల్సింది లేదు. ఆ భయం డాక్టరుకు చెప్పి చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టమని అడగొచ్చు. పీహెచ్‌సీలో ఏఎన్ఎంను గుండె విని చెప్పమనొచ్చు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న సర్కారు ఆస్పత్రుల్లో ఉచిత చెకప్‌లు ఉంటాయి. కదలికలు తగ్గి అర్ధరాత్రి బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో మొదటి మాటగా ఎన్నో వారమో, కదలిక ఎప్పటినుంచి తగ్గిందో చెప్పండి. మిషన్‌లో బాగానే వచ్చిందని ముందు చెబితే ఎదుటివాళ్లు తొందరపడకపోయే ప్రమాదం ఉంది.

వాట్సాప్‌లో పంపేవాళ్లకు ఒక విన్నపం. కరపత్రాన్ని రెండు బొమ్మలుగా విడగొట్టకుండా ఒకే ఫైలుగా పంపండి. వెనక పేజీ ఒక్కటే చేతులు మారితే అది డాప్లర్ వాడే పద్ధతిలా కనిపిస్తుంది, ఏఎన్ఎం అమ్మగారు పట్టుబట్టి రాయించిన పేజీ చేరాల్సినవాళ్లకు చేరదు.