మళ్లీ మగ్గం ముందు కూర్చోబెట్టిన వారందరికీ

కొన్నాళ్లుగా పని ఎందుకు ఆపేశానో, ఇప్పుడు ఎలా ఉన్నానో చాలామంది ఫోను చేసి అడుగుతున్నారు. విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ముందుగా, నన్ను నిలబెట్టిన వారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నేను పెళ్లి బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తానని మీకు తెలుసు. పని చక్కగా ఉండాలన్న పట్టుదలే ఈ వృత్తిలో మాకు అన్నం పెడుతుంది. నాలో మాత్రం అది మెల్లమెల్లగా భయంగా మారింది. కుడి చేతి మీది నెమలి ముక్కు ఎడమ చేతి మీది దానికంటే నూలుపోగంత కిందికి ఉన్నట్టు అనిపిస్తే చాలు, గుండె దడ, అరచేతుల్లో చెమట. అర్ధరాత్రి లేచి లైటు వేసి, కుట్టిన జర్దోసి అంతా విప్పేదాన్ని. పట్టుబట్ట మీద ఆరి సూది దిగిన చోట చిన్న రంధ్రం మిగులుతుంది. విప్పి కుట్టిన కొద్దీ బట్ట బలహీనపడుతుంది. అది తెలిసినా చేతులు ఆగేవి కావు. చివరికి కొత్త బట్టను చట్రానికి బిగించాలంటేనే వణుకు పుట్టేది.

మా తోడికోడలిని నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ ఒక్కసారి కూడా "మనసు గట్టి చేసుకో" అనలేదు. ఆ మాట ఎంత మంచి మనసుతో అన్నా, వినేవారికి అది ఇంకో బరువే. అక్క రోజూ మగ్గానికి అవతలి వైపు కూర్చుని పూసలు ఎక్కిస్తూ ఉండేది. ఒక రాత్రి తనే 14416కి ఫోను కలిపి నా చేతికిచ్చింది. అది టెలీ మానస్. మానసిక బాధల్లో ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత ఫోను సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అవతల మాట్లాడినామె తొందరపెట్టకుండా అంతా విని, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లమని చెప్పింది. ఆ గొంతు ఎవరిదో తెలియదు. తల్లీ, నీకు నా దండాలు.

డాక్టరుగారు మందు రాసి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మధ్యలో సొంతంగా మానకూడదనీ చెప్పారు. సరిచూసుకున్నప్పుడల్లా వచ్చే ఊరట కాసేపే ఉంటుందనీ, ఆ ఊరటే మళ్లీ చూడమని తరుముతుందనీ వివరించారు. తర్వాత ఒక పని అప్పగించారు. పాత గుడ్డ మీద కావాలనే ఒక ఆకును వంకరగా కుట్టి, విప్పకుండా ఎదురుగా పెట్టుకుని కూర్చోవాలి. మొదటిసారి భయం గొంతు దాకా వచ్చింది. అక్క నా చేయి పట్టుకుని కూర్చుంది. పెరిగిన భయం చాలాసేపు అలాగే ఉండి, దానంతట అదే దిగిపోయింది. నేను ఏమీ సరిచేయకుండానే అది దిగడం నాకు అదే మొదలు.

అప్పటికి నా పూజ కూడా పరీక్షగా మారిపోయింది. మంత్రంలో ఒక అక్షరం తడబడితే మళ్లీ మొదటి నుంచీ చదివేదాన్ని. ఇది గమనించిన మామయ్యగారు మమ్మల్ని అన్నవరం తీసుకెళ్లారు. రత్నగిరి మీద మండపంలో వరుసలు వరుసలుగా దంపతులు కూర్చుంటే, పురోహితులు మైకులో చెబుతుండగా అందరం ఒకేసారి వ్రతం చేస్తున్నాం. పక్కవాళ్ల పాప మా తమలపాకులు లాగేసింది. నేను అక్షతలు అందుకునేలోపే పురోహితులు తర్వాతి నామానికి వెళ్లిపోయారు. మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. చివర అందరితో అనిపించారు: "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం జనార్దన, యత్పూజితం మయా దేవ పరిపూర్ణం తదస్తు తే."

చిన్నప్పటి నుంచీ అంటున్న శ్లోకమే. మంత్రంలో లోపముంది, చేతలో లోపముంది, భక్తిలోనూ లోపముంది, అయినా నేను చేసిన ఈ పూజ నీకు పరిపూర్ణం కావాలని అడుగుతున్నాం. పీటల మీద కూర్చున్న ప్రతివారూ, ఎంత నిష్ఠాపరులైనా, ఈ మాట అనే లేవాలి. పూర్తి చేసే భారం ఆయనదైతే నేను ఇన్నాళ్లూ దాన్ని ఎందుకు మోస్తున్నాను? ఏడుపు ఆగలేదు. మా వారు ఏమీ అడగకుండా కండువా అందించారు.

ఒక్క రోజులో నయమైపోయిందని చెప్పను. మందు ఇంకా వేసుకుంటున్నాను. "స్వామిని నమ్ముకున్నాక మాత్రలెందుకు?" అని కొందరు అడిగారు. ఆ అక్కనూ ఆ డాక్టరుగారినీ నా దగ్గరికి పంపింది ఆ స్వామేనని నా నమ్మకం. దయచేసి ఎవరినీ మందు మానమని చెప్పకండి.

వీపు మీది పని సగంలో ఉండగానే బ్లౌజు తీసుకుని, "చేతులు పూర్తయ్యాయి కదమ్మా, చాలు" అంటూ మొత్తం డబ్బు నా చేతిలో పెట్టి వెళ్లిన పెళ్లికూతురి తల్లిగారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మీ అమ్మాయి పెళ్లి ఫొటో మా మగ్గం పక్క గోడకు ఉంది.

ప్రస్తుతం ఆర్డర్లు తక్కువే తీసుకుంటున్నాను. సాయంత్రం దీపం పెట్టాక సూది ముట్టుకోను. నాలాంటి దడతో ఎవరైనా బాధపడుతుంటే ఆ వేళకు ఫోను చేయండి, తీరిగ్గా మాట్లాడుకుందాం.