ఎర్ర కల్లం కొన్నోళ్లు 176వ పేజీ ఒకసారి చూస్కోండ్రి

హనుమకొండ చౌరస్తా దగ్గరి మా షాపుకు వచ్చే అక్కలకు, అన్నలకు, సార్లకు, పోస్టుల తెప్పించుకునే ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల దోస్తులకు నమస్తే. రెండు తప్పులు ఒప్పుకునేది ఉంది. ఒకటి అచ్చుతప్పు. ఇంకోటి నా రాత తప్పు.

మేం అచ్చేయించిన మొదటి నవల 'ఎర్ర కల్లం' మీ దగ్గరుంటే తీసి 176వ పేజీ తిప్పండ్రి. తర్వాత 177 ఉంటే ఏ పని లేదు, సల్లగ కూసోండ్రి. 161 మళ్లా మొదలైతే మాత్రం మీ కాపీల 11వ ఫారం (ఒకేసారి అచ్చయ్యే 16 పేజీల కట్ట) రెండుసార్లు పడ్డది, 12వ ఫారం పడనే లేదు. 177 నుంచి 192 దాక 16 పేజీలు గాయబ్.

ఇది నాకు లెక్క చూస్తే తెల్వలేదు, కొట్లాటల తెలిసింది. పోయిన శనివారం సాయంత్రం ఒక సారు వచ్చిన్రు. రిటైరైన తెలుగు లెక్చరర్, మా మామయ్య కాలం నుంచి మా దగ్గర ఖాతా. "రజిత పాపం పిల్లమ్మా. ప్రేమించినోడే అన్నను సంపిండని తెలిస్తే ఏ ఆడపిల్ల గుండె నిలుస్తది" అన్నరు. పక్కన గైడ్లు చూస్తున్న కాకతీయ యూనివర్సిటీ పిల్ల ఒకామె తల తిప్పింది.

"పాపమా సార్? ఆమెకు మొదటి నుంచి తెలుసు కదా!"

"ఎక్కడున్నది బిడ్డా అట్ల?"

"కోల్డ్ స్టోరేజీ తలుపు కాడ. గడియ మీద చెయ్యి వెట్టి నిలబడ్తది చూడుండ్రి, అక్కడ."

"నిలబడనే లేదు. తలుపేసింది, తెల్లారింది, పోలీసులు వచ్చిన్రు."

ఇద్దరూ నా దిక్కు చూసిన్రు. సారు సంచిలకెళ్లి తన కాపీ తీసిన్రు, నేను ర్యాకుల నుంచి ఇంకోటి తీసిన, రెండూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి తిప్పినం. నా కడుపుల దేవినట్లయింది. "అవే పేజీలు రెండుసార్లు వచ్చినయ్, ప్రెస్సోళ్ల పని గదా అని దాటేసిన" అన్నరు సారు. వచ్చినయి కనవడ్తయి గానీ పోయినయి కనవడయి కదా.

చదువనోళ్ల కోసం కథ జర చెప్త, చివర చెప్ప. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీల రజిత లెక్కలు రాస్తది. మిర్చి బస్తాలు ఎన్ని లోపలికి పోయినయ్, ఎన్ని బయటికి వచ్చినయ్, కిరాయి ఎంత. ఆమె అన్న వ్యవసాయ బాయిల తేల్తడు. అప్పుల బాధ అని ఊరంతా అనుకుంటది. ఓనర్ మేనల్లుడు శ్రీకాంత్‌కు రజిత అంటే పిచ్చి. పిచ్చి అంటే ముద్దుగ అనే పిచ్చి కాదు: ఆమె ఎక్కే ఆటోను వెంబడిస్తడు, ఆమె ఫోన్ ఎవరికి కలిసిందో తెలుసుకుంటడు. ఇద్దరి నడుమ ప్రేమ నడుస్తది, పెండ్లి దాక పోతది. ఒక రాత్రి మిర్చి ఉన్న చలిగదిల శ్రీకాంత్ లోపల ఉండంగ బయటి నుంచి తలుపు పడ్తది.

పోయిన 16 పేజీలల్ల ఏమున్నదంటే, అన్న దినాల నాడే రజితకు ఎవరు చేసిన్రో తెలుసు. తెలిసినంకనే శ్రీకాంత్‌ను ప్రేమించింది. నిజంగనే ప్రేమించింది, నాటకం కాదు. అదే ఆ పుస్తకానికి ప్రాణం. ప్రేమించినంక తెలిసిందా, తెలిసినంక ప్రేమించిందా అన్న ఒక్క ముడి మీద రజిత ఎవరో ఆధారపడి ఉన్నది. ఆ ముడే బైండింగుల పోయింది. అంటే నేను ఒకే ధరకు, ఒకే అట్టతోటి, ఇద్దరు రజితలను అమ్మిన.

ఆ పేజీలల్లనే తలుపు సంగతి కూడ ఉన్నది. రాసేటప్పుడు రచయిత్రిని ఒక కోల్డ్ స్టోరేజీకి నేనే తీస్కపోయిన. లోపలికి అడుగు పెట్టంగనే ఘాటుకు ఇద్దరికీ గొంతు పట్టుకున్నది, హమాలీలు ముక్కుకు తువ్వాల కట్టుకొని నవ్విన్రు. అక్కడి సూపర్‌వైజర్ తలుపు వెనుక ఒక రాడ్డు చూపెట్టిండు. ఎవరన్న లోపల చిక్కితే అది తోస్తే తలుపు తెర్చుకుంటదట. రచయిత్రి మొఖం పడిపోయింది. కథ కూలిపోయింది కదా! వారం రోజులు ఫోన్ చెయ్యలేదు. తర్వాత పంపిన రాతల రాడ్డు విరిగి ఉన్నది, రిపేరు చీటీ రజిత టేబుల్ మీదికి వచ్చి ఉన్నది, ఆమె దాన్ని ఫైలుల అడుగున పెట్టి ఉన్నది. ఎప్పుడు పెట్టిందో తారీఖు కూడ ఉన్నది. ఆ తారీఖు చదివినప్పుడు నాకు మిర్చి ఘాటు మళ్లా గొంతుల తగిలింది. మీల కొందరికి నేను ఆ తారీఖు ఇయ్యలేదు.

ఎన్ని కాపీలంటే, 500 కొట్టించినం, 212 అమ్ముడుపోయినయ్. మిగిలిన 288 నేను, మా పిల్లగాడు కూసోని ఒక్కొక్కటి తిప్పినం, 37 చెడ్డవి తేలినయ్. అమ్మినవాట్ల కూడ అదే తీరున ఉంటయని అనుకుంటున్న. ప్రెస్సాయన ఫారాలు పేర్చేకాడ తప్పు పోయిందని ఒప్పుకున్నడు, ఆ ఫారం ఉట్టిగనే మళ్లా కొట్టిచ్చిండు. బైండింగ్ కూలి మాది. కట్టలు వచ్చిననాడు నాలుగు కాపీలన్న తిప్పి చూడకపోవుడు కూడ మాదే. పుస్తకం మీద జీఎస్టీ లేదు, కాగితం మీద ఉన్నది, కట్టింది మాకు వాపస్ రాదు. ఈ నవల మీద లాభం మాట ఈ ఏడు మర్చిపోయినం.

షాపుకు రాగలిగినోళ్లు చెడ్డ కాపీ తెచ్చి మంచిది తీస్కపోండ్రి, బిల్లు అక్కర లేదు. దూరం ఉన్నోళ్లు 176, 161 పేజీలు కనవడేటట్టు ఒక ఫొటో వాట్సాప్ చేయండ్రి, పాతది వాపస్ పంపద్దు. పోస్టాఫీసుల రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్ల తీసేసినంక మాకు పంపుడు ఖర్చు మోపెడయింది. 2025 మేల పుస్తకాలు అగ్గువకు పంపే జ్ఞాన్ పోస్ట్ వచ్చినంక జర ఊపిరాడ్తున్నది. మన పుస్తకం 300 గ్రాముల లోపే, 20 రూపాయల స్లాబుల పోతది. ఆ ఖర్చు మాదే.

ఇగ రెండో తప్పు. వెనుక అట్ట మీద "ఇంటిల్లిపాది చదువదగ్గ ప్రేమకథ" అని రాసింది రచయిత్రి కాదు, నేను. అట్లయితే నాలుగు కాపీలు ఎక్కువ పోతయని రాసిన. ఒక అక్క తొమ్మిదో తరగతి బిడ్డ పుట్టినరోజుకు కొనిచ్చింది. మూడో రోజు వచ్చి పుస్తకం కౌంటర్ మీద పెట్టి, "నువ్వు చదివే అమ్ముతున్నవా చెల్లె?" అన్నది. చదివే అమ్మిన. గందుకే ఇంకా సిగ్గయింది. పైసలు వాపస్ ఇచ్చిన, ఆమె నవ్వలేదు.

ఇప్పుడు ప్రతి కాపీ మీద స్టిక్కర్ వేస్తున్నం: పెద్దలకు మాత్రమే, హత్య, వెంటాడుడు, మనిషిని గుప్పిట్ల పెట్టుకునే ప్రేమ ఉన్నయ్ అని. ఇంగ్లీషుల ఇసొంటివి చదివే పిల్లలు దీన్ని డార్క్ రొమాన్స్ అంటరు, ముందుగాల ఏమేముందో రాసి ఉంటేనే కొంటరు. మంచి అలవాటు. శ్రీకాంత్ చేసేది ప్రేమ అని నేను అనుకోను. ఒక పిల్లగాడు వచ్చి "హీరో సూపర్ అక్కా" అంటే నాకు భయమైంది, నిజంగ.

కానీ ఒక మాట. రెండో ముద్రణల రజితకు శిక్ష పడాలె, లేకుంటే కనీసం ఏడ్వాలె అని పదిమంది దాక అడిగిన్రు. మార్చం. "మన దిక్కు ఆడోళ్లను ఇట్ల రాస్తరా" అని ఒక పెద్దమనిషి కోపం చేసిండు. 1904 నుంచి భాషా నిలయం లైబ్రరీ ఉన్న ఊరు మనది, ఒక్క రజితకు బెదరదు. పల్నాటి కథ పాడెటోళ్లకు నాయకురాలు నాగమ్మ పాపిష్టిది. ఇటు కరీంనగర్ దిక్కు మా ఆడబిడ్డ, మంత్రి అయిన మొనగత్తె అని చెప్పుకుంటరు. అదే నాగమ్మ, అవే కోడిపందేలు.

నేను కోడలిగ వచ్చినప్పుడు ఇది అద్దె పుస్తకాల షాపు. వారపత్రికలల్ల సీరియళ్ల కాగితాలు కోసి, మా అత్తమ్మ దబ్బనంతోటి కుట్టిన బైండ్లు ఉండేటియి. రోజుకు అద్దె అర్ధ రూపాయి. ప్రతి బైండుల ఒకటో రెండో వారాలు దొరకకుండ పోయేటియి. ఆ వారం ఏమైందో తీస్కపోయినోళ్లు సొంతంగ చెప్పుకునేటోళ్లు, ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకునేటోళ్లు కాదు. "అత్తమ్మా, ఆ వారం నిజంగ ఏమైంది?" అని ఒకసారి అడిగిన. "నాకేం తెలుసు, ఆ వారం మీ మామయ్యకు జరమొచ్చి పత్రిక తేలేదు" అన్నది.

మొన్న బుధవారం సారు మంచి కాపీ కోసం వచ్చిన్రు. కుర్చీ ఏసిన గానీ కూసోలేదు. కౌంటర్‌కు ఆనుకొని, అద్దాలు నొసటి మీదికి ఎత్తి, పుస్తకం కండ్ల దగ్గరికి తెచ్చుకొని 177 నుంచి చదువుడు మొదలువెట్టిన్రు. నడుమ ఇద్దరు నోటుబుక్కులు కొనుక్కొని పోయిన్రు. కరెంట్ ఒకసారి పోయి వచ్చింది. 192 కాడ ఆగి, వెనక్కి పోయి ఒక పేజీ మళ్లా చదివిన్రు. తారీఖు ఉన్న పేజీ అనుకుంట. ఏమీ అనలేదు. మంచి కాపీ సంచిల పెట్టుకున్నరు, పాతది కూడ చేతులకు తీస్కున్నరు.

"అది వాపస్ ఇయ్యాలె కదా సార్."

జేబుల నుంచి 220 తీసి కౌంటర్ మీద పెట్టిన్రు. "ఆ పిల్ల కూడ కావాలెనమ్మా నాకు."